సుదూర సైకిలు ప్రయాణం: ఎవరు వెళ్ళవచ్చు? ఎలా సిద్ధపడాలి?



మన రామన్నపేట ప్రాంతానికి సైకిలు కొత్త వస్తువు కాదు. సిరిపురం, వెల్లంకి నేత కుటుంబాలవారు నూలు కట్టలు, చీరల మూటలు క్యారియర్ మీద వేసుకొని తిరిగిన రోజులు పెద్దవాళ్ళకు గుర్తే. రెండు వైపులా పాల క్యాన్లు తగిలించుకొని తెల్లవారకముందే బయలుదేరినవారినీ చూశాం. ఆ సైకిలు బ్రతుకుదెరువు కోసం. ఇప్పుడు మన పిల్లల్లో కొందరు, ముఖ్యంగా హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటున్నవారు, మరో రకంగా సైకిలు ఎక్కుతున్నారు. ఒక్క రోజులో 200 కిలోమీటర్లు, రెండు రోజుల్లోపు 600 కిలోమీటర్లు తొక్కుతామంటున్నారు. ఇంట్లోవారికి భయం పట్టుకుంటోంది. "డాక్టరు గారూ, ఇది ఒంటికి మంచిదేనా?" అని అడుగుతున్నారు.

ముందుగా ఒక మాట చెప్పాలి. ఆరోగ్యం కోసమైతే ఇంత దూరం అక్కరలేదు. పెద్దవాళ్ళకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించేది వారానికి 150 నుండి 300 నిమిషాల మోస్తరు వ్యాయామం మాత్రమే. రోజూ అరగంట సైకిలు తొక్కితే అది పూర్తవుతుంది. 200 కిలోమీటర్లు తొక్కేది ఆరోగ్యం కోసం కాదు, ఇష్టం కొద్దీ. ఇష్టపడటం తప్పు కాదు. కాని ఆ ఇష్టాన్ని మోయాల్సింది శరీరం. దానికి చెప్పకుండా, దాన్ని సిద్ధం చేయకుండా బయలుదేరడమే తప్పు. ఏ దూరం ఎంచుకోవాలి, ఎలా తయారు కావాలి, ఎక్కడ ఆగాలి అన్న మూడు సంగతులు ఈ వ్యాసంలో చెబుతాం.

ఈ ప్రయాణాలు ఏమిటి?

వీటిని "బ్రెవే" అంటారు. ఇది ఫ్రెంచి మాట. ధ్రువపత్రం అని అర్థం. పారిస్ నగరంలోని ఆడాక్స్ క్లబ్ పారిసియెన్ అనే సంస్థ ప్రపంచమంతటా వీటి నియమాలను చూస్తుంది. మన దేశంలో ఆడాక్స్ ఇండియా, హైదరాబాదులో హైదరాబాదు రాండొన్యూర్స్ ఈ ప్రయాణాలు నడుపుతున్నాయి. ఒక్కో దూరానికి ఒక్కో గడువు ఉంటుంది:

200 కిలోమీటర్లు – 13 గంటల 30 నిమిషాలు
300 కిలోమీటర్లు – 20 గంటలు
400 కిలోమీటర్లు – 27 గంటలు
600 కిలోమీటర్లు – 40 గంటలు
1000 కిలోమీటర్లు – 75 గంటలు

లెక్క చూస్తే గంటకు 15 కిలోమీటర్లు, లేదా అంతకన్నా తక్కువే. ఇది పందెం కాదు. మొదటి స్థానం, రెండో స్థానం అంటూ ఉండవు. దారిలో కొన్ని చోట్ల నిర్ణయించిన సమయంలోపు చేరి, కార్డు మీద గుర్తు వేయించుకోవాలి. కాని తినడం, త్రాగడం, నిద్రపోవడం, పంక్చరు వేసుకోవడం అన్నీ ఆ గడువులోనే జరగాలి. వెంట మన కారు రాకూడదు. ఎవరి అవసరాలు వారే చూసుకోవాలి. ఈ ప్రయాణంలోని అసలు కష్టం అదే.

దూరం అర్థం కావాలంటే మనకు తెలిసిన దారితో పోల్చుకుందాం. హైదరాబాదు నుండి చిట్యాల, నకిరేకల్, సూర్యాపేట మీదుగా విజయవాడకు సుమారు 270 కిలోమీటర్లు. 600 అంటే విజయవాడ వెళ్ళి, మళ్ళీ హైదరాబాదు వచ్చి, ఇంకా కొంత దూరం తొక్కడం. బస్సులో వెళ్ళి వస్తేనే నడుము పట్టేసే దూరమది.

ఈ అలవాటుకు పాత చరిత్ర ఉంది. పారిస్ నుండి సముద్రతీరాన ఉన్న బ్రెస్ట్ వరకు వెళ్ళి తిరిగి రావడం 1891లో మొదలైంది. సుమారు 1200 కిలోమీటర్లు. మొదటిసారి గెలిచిన షార్ల్ తెరోఁ 71 గంటల 22 నిమిషాల్లో తిరిగి వచ్చాడు. నేడు అది పందెంగా కాక బ్రెవేగా నాలుగేళ్ళకొకసారి జరుగుతోంది. 2019లో, 2023లో జరిగింది. ఎక్కువ గడువు 90 గంటలు. అందులో చేరాలంటే అదే ఏడాది 200, 300, 400, 600 నాలుగూ పూర్తి చేసి ఉండాలి. ఒక్కసారిగా పెద్ద దూరానికి దూకనివ్వకుండా, మెట్టు మెట్టుగా ఎక్కించే పద్ధతి ఇది. వైద్యులుగా మాకు ఈ పద్ధతి నచ్చింది.

అమెరికాను ఒక తీరం నుండి మరో తీరానికి దాటే పందెం ఇంకా కఠినం. సుమారు 4,800 కిలోమీటర్లు, ఒంటరిగా తొక్కేవారికి 12 రోజుల గడువు. దాన్ని పూర్తి చేసిన మన దేశస్థుల్లో వైద్యులే ముందున్నారు. నాసిక్‌కు చెందిన హితేంద్ర మహాజన్, మహేంద్ర మహాజన్ అనే వైద్య సోదరులు 2015లో ఇద్దరి జట్టుగా పూర్తి చేశారు. 2017లో సైనిక వైద్యుడు శ్రీనివాస్ గోకుల్‌నాథ్, నాగపూర్ వైద్యుడు అమిత్ సమర్థ్ ఒంటరిగా పూర్తి చేశారు. గోకుల్‌నాథ్ అంతకు ముందు ఏడాది మధ్యలోనే ఆగిపోయారు. ఆగినందుకే మరుసటి ఏడాది మళ్ళీ వెళ్ళగలిగారు. ఈ సంగతి మన యువకులు గుర్తుంచుకోవాలి.

ఎవరు ముందుగా వైద్యులను కలవాలి?

ఈ క్రింది వారిలో మీరు ఉంటే సైకిలు కొనకముందే పరీక్ష చేయించుకోండి:

1. 40 ఏళ్ళు దాటినవారు, బీపీ, షుగరు, కొలెస్టరాల్ ఉన్నవారు, పొగ త్రాగేవారు. ఈసీజీ తీయించుకోవాలి. అవసరమనిపిస్తే వైద్యులు ట్రెడ్‌మిల్ పరీక్ష వ్రాస్తారు.

2. పని చేసేటప్పుడు ఛాతీలో బరువు, ఆయాసం, కళ్ళు తిరగడం ఎప్పుడైనా వచ్చినవారు. ఇంట్లో చిన్న వయసులోనే గుండెజబ్బుతో లేదా హఠాత్తుగా ఎవరైనా చనిపోయి ఉంటే, మీ వయసు 25 ఏళ్ళయినా ఆ సంగతి వైద్యులకు చెప్పండి.

3. షుగరుకు ఇన్సులిన్, గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటివి వాడేవారు. గంటల తరబడి తొక్కితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. కొన్నిసార్లు ఆ రాత్రి నిద్రలో కూడా పడిపోతుంది. మోతాదు మీరే తగ్గించుకోవద్దు, మీరే మానవద్దు. వైద్యులతో మాట్లాడి నిర్ణయించుకోండి.

4. నీరు ఎక్కువగా పోయేలా చేసే బీపీ మాత్రలు వాడేవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు.

5. రక్తం తక్కువగా ఉన్న స్త్రీలు. మన స్త్రీలలో రక్తహీనత చాలా ఎక్కువ. "సాధన చేస్తున్నా బలం రావడం లేదు" అనిపిస్తే ముందు హిమోగ్లోబిన్ చూడాలి.

6. జ్వరం వచ్చి తగ్గినవారు. జ్వరంతో ఎప్పుడూ దూరం తొక్కవద్దు. కొన్ని వైరస్ జ్వరాలు గుండె కండరాన్ని కూడా తాకుతాయి. జ్వరం తగ్గాక బలం పూర్తిగా వచ్చే వరకు ఆగండి.

మన ప్రాంతానికి మరొక సంగతి ఉంది. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో చాలా గ్రామాలవారు ఏళ్ళ తరబడి ఫ్లోరైడు ఉన్న బోరు నీరు త్రాగారు. ఫ్లోరైడు ఎముకల్లో చేరితే మెడ, వెన్ను, మోకాళ్ళు బిగుసుకుపోతాయి. గంటల తరబడి వంగి, మెడ ఎత్తి రోడ్డు చూడటం అలాంటివారికి కష్టం. మెడ వెనక్కి వంచలేకపోయినా, గొంతుకూర్చోలేకపోయినా ముందుగా చూపించుకోండి. అలాంటివారు అసలు సైకిలు తొక్కకూడదని కాదు. హ్యాండిల్ ఎత్తుగా పెట్టుకొని తక్కువ దూరం తొక్కితే కీళ్ళకు మేలే. 200 కిలోమీటర్లు మాత్రం వారి దూరం కాదు.

దూరం ఎలా ఎంచుకోవాలి?

స్నేహితుడు ఎంత తొక్కాడో చూసి ఎంచుకోవద్దు. మీ శరీరం ఈరోజు ఎంత తొక్కి, రేపు ఉదయం నొప్పి లేకుండా లేస్తుందో అదే మీ కొలత. 40 కిలోమీటర్లకే మరుసటి రోజు మెట్లు దిగలేకపోతే ఇంకా 200 పేరు ఎత్తే సమయం రాలేదు.

బాగా ఉన్న మనిషికి మొదటి 200కి నాలుగు నెలల తయారీ కావాలి. వారం మధ్యలో మూడు రోజులు గంటసేపు తొక్కండి. వారాంతంలో ఒకసారి దూరం వెళ్ళండి. ఆ దూరం ఇలా పెంచవచ్చు:

మొదటి నెల: 20, 30, 40 కిలోమీటర్లు. నాలుగో వారం 25.
రెండో నెల: 45, 55, 60. నాలుగో వారం 40.
మూడో నెల: 70, 80, 90. నాలుగో వారం 60.
నాలుగో నెల: 100, 110, 120. చివరి వారం తేలికగా తొక్కి విశ్రాంతి.

ప్రతి నాలుగో వారం ఎందుకు తగ్గించాలి? తొక్కేటప్పుడు కండరం అలసి దెబ్బ తింటుంది. బలం వచ్చేది విశ్రాంతిలో. విశ్రాంతి లేని సాధన నొప్పులనే మిగులుస్తుంది. 120 హాయిగా తొక్కినవారు నిదానంగా 200 పూర్తి చేయగలరు. ఇక్కడివారు మొదట చిట్యాల, తర్వాత భువనగిరి, ఆపై నల్లగొండ వెళ్ళి రావడంతో సాధన మొదలుపెట్టవచ్చు.

200 తర్వాత 300కి కనీసం నెల రోజులు ఆగండి. 300 నుండి రాత్రి తొక్కడం తప్పదు కాబట్టి ముందుగా రాత్రి సాధన కూడా చేయాలి.

కాలాన్ని కూడా ఎంచుకోవాలి. మొదటి ప్రయత్నానికి నవంబరు నుండి ఫిబ్రవరి వరకు మంచిది. ఏప్రిల్, మే నెలల్లో మన గుట్టల మధ్య రోడ్ల మీద వేడి పైనుండే కాదు, తారు నుండి కూడా కొడుతుంది. ఆ నెలల్లో పగటి పూట దూరం వద్దు.

సైకిలు మీకు సరిపోవాలి

ఖరీదైన సైకిలు ఉంటేనే వెళ్ళాలని లేదు. కాని అది మీ కొలతకు సరిపోవాలి. ఒక్క గంటలో దాదాపు ఐదు వేలసార్లు మోకాలు ముడుచుకొని చాచుకుంటుంది. సీటు అంగుళం తేడా ఉన్నా 13 గంటల్లో అది నొప్పిగా మారుతుంది.

సీటు ఎత్తు చూసుకునే సులువు పద్ధతి: సీటు మీద కూర్చొని మడమను పెడలు మీద పెట్టండి. పెడలు కిందికి వచ్చినప్పుడు కాలు నిటారుగా ఉండాలి. తర్వాత పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. మోకాలి ముందు భాగంలో నొప్పి వస్తే సీటు తక్కువగా ఉందేమో చూడండి. మోకాలి వెనుక నొప్పి వచ్చినా, తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగినా సీటు ఎక్కువ ఎత్తులో ఉండవచ్చు.

చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కితే అరచేతిలో నరం నలుగుతోందని అర్థం. చేతుల స్థానం తరచూ మార్చండి. కాళ్ళ మధ్య తిమ్మిరి వస్తే సిగ్గుపడి దాచుకోవద్దు. ప్రతి పది పదిహేను నిమిషాలకు లేచి నిలబడి తొక్కండి. తగ్గకపోతే సీటు మార్చాలి. ఒరుసుకుపోయి పుండ్లు పడకుండా కుట్లు లేని శుభ్రమైన బట్టలు వేసుకొని, ఆ భాగంలో వాసెలిన్ రాసుకోండి. షుగరు ఉన్నవారికి ఈ పుండ్లు త్వరగా మానవు, జాగ్రత్త.

హెల్మెట్, ముందు వెనుక దీపాలు, చీకట్లో మెరిసే జాకెట్, రెండు ట్యూబులు, గాలి పంపు, పంక్చరు సామాను లేకుండా గడప దాటవద్దు.

తిండి, నీరు

కండరాల్లో, కాలేయంలో దాచిన చక్కెర గట్టిగా తొక్కితే రెండు గంటలకు దగ్గర పడుతుంది. అందుకే ఆకలి వేయకముందే తినాలి. గంటకు 30 నుండి 60 గ్రాముల పిండి పదార్థం కావాలి. ఒక మోస్తరు అరటిపండులో 20 నుండి 25 గ్రాములు ఉంటుంది. అరటిపండు, పల్లీపట్టి, ఇడ్లీ, పెరుగన్నం, ఉప్పు చల్లిన ఉడకబెట్టిన ఆలుగడ్డ చాలా మంచివి. దాబాలో నూనె కారే కూరలు, బిర్యానీ తిని ఎక్కితే కడుపు మొరాయిస్తుంది. సాధనలో తినని తిండి ఆ రోజు కొత్తగా తినవద్దు.

నీరు ఎండను బట్టి, చెమటను బట్టి గంటకు అర లీటరు నుండి ముప్పావు లీటరు పట్టవచ్చు. సాధనకు ముందు, తర్వాత బరువు చూసుకోండి. కిలో తగ్గితే దాదాపు లీటరు నీరు పోయినట్టు. బరువు పెరిగితే అవసరానికి మించి త్రాగారన్నమాట. ఇదీ ప్రమాదమే. ఉప్పు లేకుండా ఉత్త నీరే లీటర్లకు లీటర్లు త్రాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, మతిభ్రమ, ఫిట్స్ రావచ్చు. మధ్య మధ్య ఉప్పు వేసిన మజ్జిగ, లేదా ప్యాకెట్ మీద చెప్పినట్టు కొలిచి కలిపిన ఓఆర్ఎస్ త్రాగండి. దాహం ఎంత వేస్తే అంత త్రాగాలి. పందెం వేసుకొని త్రాగకూడదు.

దారి పక్కన కల్లు కనిపిస్తుంది. "చలువ చేస్తుంది" అంటారు. కల్లులో మద్యం ఉంటుంది. పైగా కల్తీ కల్లులో మత్తుమందులు కలిపిన సంఘటనలు మన రాష్ట్రంలో ఎన్నో. లారీల రోడ్డు మీద అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఒక్కరోజు బోరు నీరు త్రాగితే ఫ్లోరోసిస్ రాదు. దానికి ఏళ్ళు పడుతుంది. కాని సాధన చేసేవారు రోజూ మామూలు మనిషి కన్నా ఎక్కువ నీరు త్రాగుతారు. ఆ నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. ఇంటి దగ్గర బోరు నీరు మాని మిషన్ భగీరథ నల్లా నీరు పట్టుకొని వెళ్ళండి.

నొప్పి మాత్రలు వేసుకొని తొక్కవద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి కిడ్నీలను దెబ్బ తీస్తాయి. నొప్పి ఒక కబురు. మాత్ర ఆ కబురును మూసేస్తుంది, కారణాన్ని తీసేయదు.

నిద్రను తక్కువగా చూడవద్దు

సైకిలు మీద వెళ్ళేవారు ఎక్కువగా భయపడేది గుండెకు. కాని రాత్రి హైవే మీద అంతకన్నా దగ్గరి శత్రువు నిద్ర. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. మన దేశంలో బండి నడిపేవారికి చట్టం అనుమతించే హద్దు 0.03 శాతం. అంటే చుక్క మద్యం ముట్టని మంచి పిల్లవాడు కూడా తెల్లవారుజామున త్రాగినవాడిలాగే తొక్కుతాడు. రెప్ప పడిన మూడు క్షణాల్లో సైకిలు లారీ దారిలోకి వెళ్ళిపోతుంది.

ముందు వారమంతా బాగా నిద్రపోండి. బయలుదేరే ముందు రాత్రి తప్పక నిద్రపోండి. దారిలో ఆవలింతలు వరుసగా వచ్చినా, వెనుక రెండు నిమిషాలు ఎలా గడిచాయో గుర్తు రాకపోయినా వెంటనే దిగండి. టోల్ గేటు, పెట్రోలు బంకు వంటి వెలుతురు ఉన్న చోట 20 నిమిషాలు కునుకు తీయండి. టీ కొంతసేపు సాయం చేస్తుంది కాని నిద్రకు బదులు కాదు.

ఎప్పుడు ఆగాలి?

ఈ క్రింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజుకు ప్రయాణం అయిపోయినట్టే:

• ఛాతీలో నొప్పి, బరువు, ఎడమ చేతికి లేదా దవడకు పాకే నొప్పి
• తొక్కుతుండగా కళ్ళు తిరిగి పడిపోవడం, గుండె అదుపు తప్పి కొట్టుకోవడం
• మాట తడబడటం, ఎక్కడున్నామో తెలియకపోవడం
• ఎండలో ఒళ్ళు కాలిపోతూ తిక్కతిక్కగా ప్రవర్తించడం. ఇది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయవద్దు.
• ఆగని వాంతులు
• మూత్రం టీ డికాక్షన్ రంగులో రావడం. కండరం చితికి కిడ్నీల మీద పడుతోందని అర్థం. అదే రోజు ఆసుపత్రికి రావాలి.
• ఆపుకోలేని నిద్ర

కుటుంబాలకు ఒక మాట

"మానెయ్" అని తిడితే పిల్లలు చెప్పకుండా వెళ్తారు. చెప్పి వెళ్ళేలా చూసుకోండి. ఏ దారి, ఏ ఏ చోట్ల ఆగుతారు, ఎన్ని గంటలకు చేరాలి అని కాగితం మీద వ్రాయించుకోండి. పేరు, రక్తం గ్రూపు, వాడే మందులు, ఇంటి ఫోన్ నంబరు ఉన్న కార్డు వారి జేబులో ఉండాలి. తొక్కుతుండగా అరగంటకొకసారి ఫోన్ చేయవద్దు. ఆగే చోటి నుండి వారే చేయాలని ముందే మాట తీసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి. మధ్యలో ఆగి బస్సు ఎక్కి వచ్చిన బిడ్డను ఎగతాళి చేయవద్దు. "ఇంత డబ్బు పోసి సైకిలు కొని సగంలో వచ్చావా?" అన్న ఒక్క మాట వచ్చేసారి వాణ్ణి నొప్పితోనో నిద్రతోనో ముందుకు తోస్తుంది. "మంచి పని చేశావు, అన్నం తిను" అనండి. రోడ్డు ఎక్కడికీ పోదు. వచ్చే చలికాలం మళ్ళీ బ్రెవేలు ఉంటాయి.

వెళ్ళాలనుకునేవారు బయలుదేరడానికి నాలుగు నెలల ముందే మీ వైద్యులను కలవండి. సాధన మొదలుపెట్టకముందు బీపీ, షుగరు, హిమోగ్లోబిన్, అవసరమైతే ఈసీజీ చూపించుకొని, మీరు వాడే మందుల చీటీలన్నీ వెంట తెచ్చుకోండి.